పదో కుర్చీ

మా మిరపయార్డులో నోరు మెదపని రైతు సరుక్కి కొనేవాడే ధర కడతాడు. ఆ ధర తప్పనీ అనలేం, ఒప్పనీ అనలేం. అవతలి పక్షం లేని బేరం అది. అలాంటి బేరమంటే నాకు మొదట్నుంచీ చిరాకు. దయ వల్ల కాదు. అవతలివాడికి ఏం కావాలో తెలియకపోతే నేను ఎక్కడ ఎక్కువిచ్చానో, ఎక్కడ తక్కువిచ్చానో నాకే తెలియదు.

సర్కారు బడుల పాలనలో పిల్లలకీ ఓటు ఉండాలని చట్టం వచ్చేనాటికి నేను నాగులవరం మున్సిపల్ హైస్కూల్ కమిటీకి అధ్యక్షుణ్ణి. కమిటీలో పెద్దవాళ్లం తొమ్మిది మందిమి. పదో కుర్చీ పిల్లలది. అన్నం ఎవరు వండాలి, పంపులెక్కడ పెట్టాలి, ఏ గది ఎవరికివ్వాలి, అన్నిట్లోనూ ఆ కుర్చీకి మాతో సమానంగా ఓటు. బడి స్థలానికి సంబంధించిన తీర్మానమైతే ఆ కుర్చీ ఒప్పుకోనిదే చెల్లదు. చట్టం రాసినవాళ్లెవరో గాని పిల్లల చేతికి గట్టి తూకంరాయే ఇచ్చారు.

మొదటి సమావేశానికి పదో తరగతి మస్తాన్‌బీ వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. దాని వెనకాల నిలబడి రెండు చేతులతో పట్టుకుంది.

"మీకేం ఇబ్బందులున్నాయో చెప్పమ్మా" అన్నాడు హెడ్మాస్టరు ఇస్సాకుగారు.

"ఏం లేవు సార్."

అదే సమయానికి వరండాలో ఎవడో ఆరో తరగతివాడు ఎండిపోయిన పంపుని రెండు చేతులా ఊపుతున్నాడు. ఆ చప్పుడు మా అందరికీ వినపడుతోంది.

"మంచినీళ్లు వస్తున్నాయా?" అన్నాను నేను.

"వస్తాయి సార్."

"ఎప్పుడు?"

ఆ పిల్ల హెడ్మాస్టరు మొహం కేసి చూసింది. "వచ్చినప్పుడు సార్."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంత తెలివైన పిల్ల అబద్ధమాడకుండా, దొరక్కుండా తప్పించుకుందంటే ఎంత భయం మింగుతోందో లెక్కేశాను. ఈ కుర్చీ ఇలాగే ఉంటే ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

నేను ఆ కమిటీలో ఎందుకున్నానో కూడా చెప్పాలి. బడికీ యార్డుకీ మధ్య ఒకటే గోడ. నా కొట్లు ఆ గోడకి ఆనుకునే ఉన్నాయి. సీజన్లో లారీ తిరగడానికి చోటుండదు. బడి ఆటస్థలం యార్డుకి లీజుకొస్తే లారీలు నా గుమ్మం ముందే ఆగుతాయి. అధ్యక్షుడు కావాలంటే సొంత బిడ్డ ఆ బళ్లో చదవాలని నిబంధన. మా హిమజని కాన్వెంటు మానిపించి ఇక్కడ ఎనిమిదో తరగతిలో చేర్చాను. సర్కారు బడి మీద ఎంత నమ్మకమో చూడండని ఊరంతా మెచ్చుకుంది. హిమజ మాత్రం మెచ్చుకోలేదు.

"నాన్నా, నువ్వు నన్ను బళ్లో వేశావా, పెట్టుబడి పెట్టావా?"

"రెండూ ఒకటే కదమ్మా."

"అయితే లాభంలో నాకెంత?"

దాని నోటికి జడిసి మా ఆవిడ నాగరత్నం ఆ మధ్యాహ్నం పులిహోర చేసి పెట్టింది. పులిహోర తింటూ కూడా హిమజ వాదించింది.

ఇక మందాకిని. మా అక్క కూతురు. యూనివర్సిటీలో గొంతు మీద, నరాల మీద పరిశోధన. మస్తాన్‌బీ సంగతి చెబితే శ్రద్ధగా విని, మరుసటి ఆదివారం ఒక చిన్న పెట్టె, మెడకి చుట్టుకునే మెత్తని పట్టీ పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"మామయ్యా, ఈ ఒక్క పూట పెట్టుకో."

"ఏంటే ఇది, తాయెత్తా?"

"తాయెత్తే అనుకో."

పట్టీ మెడకి చుట్టుకున్నాను. ఆ పూట మా దూరపు చుట్టం పిచ్చయ్య బాబాయి వచ్చి ఉన్నాడు. ఆయన మాట మొదలుపెడితే పొద్దు వాలాల్సిందే. యార్డులో బేరానికొచ్చిన పార్టీ నాకోసం కాచుకుని ఉంది. అయినా మర్యాద కదా. "ఉండు బాబాయ్, భోంచేసి వెళుదువుగాని" అన్నాను నవ్వుతూ.

అలమర మీద పెట్టె మాట్లాడింది. "ఈయన లేచేదెప్పుడు, నేను కదిలేదెప్పుడు."

మగ గొంతూ కాదు, ఆడ గొంతూ కాదు. బాబాయి పెట్టెని చూశాడు, నన్ను చూశాడు. హిమజ నేలమీద దొర్లి నవ్వింది. నాగరత్నం కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది. బాబాయి చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

"మాట ముందు గొంతులో తయారవుతుంది మామయ్యా" అంది మందాకిని. "పైకి అనకుండా మింగేసినా గొంతులో కండరాలు వెంట్రుకవాసి కదులుతాయి. పట్టీ ఆ కదలికని పట్టుకుంటుంది."

"మింగినవన్నీ కక్కిస్తుందన్నమాట. ఈ తాయెత్తు పిల్లలకి కడితే వాళ్ల పని అయిపోయినట్టే."

"ఒక్కరివి కాదు. ఎంతమంది పెట్టుకుంటే అందరివీ కలుపుతుంది. పేర్లు తీసేస్తుంది. ఎక్కువమంది గొంతులో ఏముందో అది చెబుతుంది. ఎవరన్నారో నాకూ తెలియదు."

అది నాకు వెంటనే ఎక్కింది. ఇప్పుడు యార్డులో కంప్యూటర్ వేలం ఉందిగాని, పాతకాపులం ఇంకా తువ్వాలు బేరమే చేస్తాం. ఇద్దరి చేతులూ తువ్వాలు కింద కలుస్తాయి. ధర వేళ్లతో చెప్పుకుంటాం. చుట్టూ పదిమంది ఉన్నా ఎవడికీ తెలియదు. మొహం చూసి ఎవడూ ఎవణ్ణీ బెదిరించలేడు. పిల్లలకి కావాల్సింది ఆ తువ్వాలే అనిపించింది.

పై ఆఫీసు నుంచి అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, అన్నీ నేనే తిరిగి తెచ్చాను. వారానికోసారి ఆఖరి పీరియడ్లో పిల్లలు పట్టీలు పెట్టుకునేవారు. పక్క గదిలో కమిటీ కూర్చునేది. పదో కుర్చీలో పెట్టె పెట్టి, దొర్లిపోకుండా దిండు ఆన్చారు.

మొదటి రోజు ఇస్సాకుగారు దణ్ణం పెట్టినంత పని చేసి, "మీ సమస్యలు చెప్పండి" అన్నారు పెట్టెతో.

"అమ్మాయిల మరుగుదొడ్డికి గడియ లేదు. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు తలుపు పట్టుకోవాలి. పట్టుకున్న పిల్లకి లెక్కల క్లాసు పోతుంది."

ఇస్సాకుగారు కాగితం మీద రాసుకున్నారు.

"వారానికి ఎన్ని గుడ్లో గోడమీద రాశారు. గోడమీద గుడ్డు తినలేం."

తల్లుల తరఫున కమిటీలో ఉన్న కోటేశ్వరి కిసుక్కుమంది.

"సోషల్ మాస్టారు మమ్మల్ని కులం పేరు పెట్టి పిలవడం మానాలి."

కోటేశ్వరి నవ్వు ఆగిపోయింది. ఇస్సాకుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"యార్డులో కాయ దులుపుతుంటే ఘాటుకి దగ్గొచ్చి పాఠం వినపడదు."

ఇప్పుడు అందరూ నన్ను చూశారు.

గడియ వచ్చింది. గుడ్డు గోడ దిగి కంచంలోకి వచ్చింది. సోషల్ మాస్టారు విచారణకి పోయాడు. నేను గోడ మీద నా ఖర్చుతో వల కట్టించాను. ఊరికే కాదు. అవతలి పక్షానికి నామీద గురి కుదిరితే రేపు ఆటస్థలం మాట తేలికవుతుందని. పక్క ఊళ్ల హెడ్మాస్టర్లు వచ్చి పెట్టెని చూసి వెళ్లేవారు. మందాకిని మొహం వెలిగిపోతుండేది. బళ్లో అల్లరి తగ్గిందని, క్లాసులు ఇంత బుద్ధిగా ఎప్పుడూ లేవని మాస్టర్లు చెప్పుకునేవారు. ఆ మాట నేనూ లాభం కిందే వేసుకున్నాను.

ఒకరోజు భోజనం దగ్గర నాగరత్నం నా చెయ్యి పట్టి ఆపింది. "తినకండి. కూరలో ఉప్పెయ్యలేదు."

"మర్చిపోయావా?"

"కావాలనే వెయ్యలేదు. హిమజ తినేసి వెళ్లింది. ఒక్క మాటనలేదు. నిన్న చారులో రెండింతలు వేశా. తాగేసింది." ఆవిడ కూరగిన్నె పక్కకి జరిపింది. "నా చేతి వంటకి వంక పెట్టకుండా ఆ పిల్ల ఏనాడన్నా లేచిందా అండీ?"

"పెద్దదవుతోంది, బుద్ధొచ్చింది."

"బుద్ధి కాదు. ఇంట్లో రేడియో కట్టేసినట్టుంది నాకు."

హిమజ గదిలోకి వెళ్లాను. చదువుకుంటోంది. కావాలని గిల్లాను. "ఏమే, నీ పెట్టుబడి సంగతేంటి, లాభమొచ్చిందా?" తలెత్తి చూసింది. కోపం లేదు, అలక లేదు. చిన్నగా తలూపింది. అవుననో కాదనో కూడా తెలియలేదు. నేను ఇంకా నిలబడి ఉంటే, ఏదో మర్చిపోయినదానిలా నోరు కొద్దిగా తెరిచి, మూసి, మళ్లీ పుస్తకంలోకి వంగింది.

ఆ మర్నాడు యార్డులో ఒక చోట నిలవలేకపోయాను. మిరప బస్తాలు, మా భాషలో టిక్కీలు, దించుతున్నవాళ్ల మీద ఊరికే అరిచాను. ఆఖరికి గోడ దగ్గరికి పోయి వల సందులోంచి బడివైపు చూశాను. అబ్బాయిలు కబడ్డీ ఆడుతున్నారు. నాకు మొదట ఏం తేడానో తెలియలేదు. ఒకడు గీత దాటి అవతలి జట్టులోకి ఉరికాడు. కూత లేదు. పెదాలు మూసుకుని, ఊపిరి బిగబట్టి, వాళ్ల మధ్య గిరగిరా తిరుగుతున్నాడు. పట్టుకున్నవాళ్లూ అరవలేదు. పడ్డవాడూ అరవలేదు. దుమ్ము లేస్తోంది, కాళ్ల చప్పుడు వినిపిస్తోంది, అంతే. చూసేవాళ్లు చుట్టూ నిలబడి ఉన్నారు.

తిన్నగా మందాకిని ల్యాబుకి బయల్దేరాను.

అది నాకోసమే ఎదురు చూస్తున్నట్టుంది. తల దువ్వుకోలేదు. తెరమీద రెండు గీతలు చూపించింది. మొదట్లో తీసిన గీత కొండల్లా లేచి పడుతోంది. ఇప్పటిది దాదాపు చదునుగా ఉంది.

"నాకూ అనుమానమొచ్చి కొలిచాను మామయ్యా. మాట మింగితే గొంతులో ఒక ఒత్తిడి మిగులుతుంది. ఆ ఒత్తిడే ఎప్పుడో ఒకప్పుడు నోరు తెరిపిస్తుంది. మన పెట్టె ఆ మాటని పిల్లలు అనకుండానే చేరవేసేస్తోంది. పని కూడా అవుతోంది. దాంతో వాళ్ల గొంతుకి చెప్పేసినట్టే లెక్క. వారం వారం అలా జరిగేసరికి గొంతు మాటని తయారుచెయ్యడమే మానుకుంటోంది."

"చెప్పేవాడు దొరికాడని చెప్పడం మానేశారు."

"అవును. ఇంకొన్నాళ్లు పోతే పెట్టెకి కూడా ఏమీ అందదు."

"మళ్లీ వస్తుందా?"

"రావాలి. చిన్నపిల్లలు కదా." అది తన చేతులకేసి చూసుకుంది. "ఖచ్చితంగా తెలీదు. ఇవాళే ఆపేద్దాం."

ఆ శుక్రవారమే ఆటస్థలం తీర్మానం రావాల్సి ఉంది. యార్డు పెద్దల్ని కూడగట్టుకున్నాను. బడికి కొత్త గదులు కట్టిస్తామని మాటిచ్చి, మిగిలిన సభ్యుల్ని ఒప్పించుకున్నాను. ఇప్పుడు పెట్టె ఆపితే పదో కుర్చీ ఖాళీ. కుర్చీ ఖాళీ అయితే తీర్మానం చెల్లదు. సీజను ముంచుకొస్తోంది.

"ఈ ఒక్క సమావేశం కానీ మందా" అన్నాను.

"హిమజ కూడా అందులో ఉంది మామయ్యా."

"ఒక్క వారంలో ఏం మునిగిపోతుంది? నువ్వు ఉన్నపళాన ఆపితే పైవాళ్లేమంటారు? పిల్లలకి ఓటు పనికిరాదని తేలిపోయిందని, కుర్చీనే తీసేస్తారు. సమావేశం అయ్యాక నువ్వే నిలబడి అన్నీ వివరంగా చెప్పు. కుర్చీ నిలుస్తుంది."

అందులో అబద్ధం లేదు. నిజం కలిసిన సరుకు తొందరగా పోతుంది. మందాకిని తెర ఆర్పేసి, సరేనంది.

శుక్రవారం ఇస్సాకుగారు తీర్మానం చదివారు. బడి ఆటస్థలాన్ని యార్డుకి లీజుకివ్వడం, బదులుగా యార్డు వారు గదులు కట్టించడం. తొమ్మిది మందీ తమ మాట చెప్పారు. ఇక పెట్టె వంతు. పెట్టెకున్న చిన్న దీపం వెలుగుతూనే ఉంది. మాట రాలేదు.

"మళ్లీ చదువుతాను" అన్నారు ఇస్సాకుగారు. చదివారు. మాట రాలేదు.

కిటికీలోంచి పక్క గదిలో పిల్లలు కనపడుతున్నారు. మెడలకి పట్టీలతో, వరసగా, ఎదురుగా చూస్తూ. హిమజ మూడో వరసలో ఉంది.

"పెట్టె పాడైందేమో" అంది కోటేశ్వరి.

"పాడవలేదండీ" అంది గుమ్మం దగ్గర నిలబడ్డ మందాకిని. "పిల్లల నుంచి ఏమీ రావట్లేదు. దీన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి."

"మందా, యార్డులో వేలు పట్టుకుని ధర చెప్పాక, చెయ్యి వెనక్కి తీసుకోకపోతే బేరం కుదిరినట్టే. మా తాతలనాటి రివాజు."

"ఇది యార్డు కాదు మామయ్యా."

"బేరం ఎక్కడైనా బేరమే."

సభ్యుల్లో సగంమంది యార్డువాళ్లు. మిగతావాళ్లు యార్డు మీద బతికేవాళ్లు. తువ్వాలు కింద కదలని చెయ్యంటే ఏంటో అందరికీ పుట్టుకతో తెలుసు. అందరి తలలూ ఊగాయి. పదో సభ్యుడి అభ్యంతరం లేదని రాసి ఇస్సాకుగారు సంతకం చేశారు. మందాకిని నాకేసి చూడకుండా పెట్టె తీసుకుని వెళ్లిపోయింది. ఆ పూటే పిల్లల మెడల్లోంచి పట్టీలన్నీ విప్పించుకుపోయిందని తర్వాత తెలిసింది.

ఇంటికి రాగానే హిమజని పిలిచాను. రోజూ సాయంత్రం రింగ్ టెన్నిస్ ఆడి, మోకాళ్లకి మట్టితో వచ్చే పిల్ల అది.

"ఆటస్థలం లారీలకి ఇచ్చేశాం. రేపట్నుంచి మీరు అటు పోకూడదు."

తిడుతుందని కాచుకున్నాను. నిజం చెప్పాలంటే తిట్టించుకుందామనే చెప్పాను. హిమజ విన్నది. లోపలికి వెళ్లి, ఎండన పడి వచ్చాను కదా అని గ్లాసు నిండా మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చి వెళ్లింది.

గ్లాసు పక్కన పెట్టేశాను. తువ్వాలు కింద చెయ్యి లాక్కోగలిగినవాడు లాక్కోకపోతేనే ఒప్పుకున్నట్టు. చచ్చుబడిన చెయ్యి కూడా కదలదు. ఆ మాత్రం లెక్క తెలియని మనిషితో ఎవడన్నా వ్యాపారం చేస్తాడా? అవతలి పక్షం లేని బేరం మళ్లీ నేనే చేసి, గెలిచానని ఇంటికొచ్చాను.

పొద్దున్నే యార్డులో నాకు దండ వేశారు. మధ్యాహ్నానికి మనుషులు ఆటస్థలంలో టేపులు పట్టుకుని కొలతలు తీస్తున్నారు. పిల్లలు వరండాలో నిలబడి చూస్తున్నారు. ఒక్కడైనా రాయి విసిరి ఉంటే నాకు ప్రాణం లేచి వచ్చేది. ఎవరూ విసరలేదు.

ఇస్సాకుగారి గదికి పోయాను. "మాస్టారూ, ఆ తీర్మానం తిరగదోడాలి."

"మీరే కదండీ రాయించారు."

"రాయించినవాణ్ణే అడుగుతున్నా. పదో కుర్చీ ఒప్పుకోలేదు. పెట్టె సంగతి పైకి నేనే రాస్తాను. మళ్లీ సమావేశం పెట్టండి. ఈసారి పెట్టె ఉండదు."

"పెట్టె లేకపోతే వాళ్లు మాట్లాడరే!"

"మాట్లాడేదాకా కూర్చుందాం."

యార్డులో కాకర్లపూడి రాఘవులు, నా పక్క కొట్టువాడు, కమిటీలో సభ్యుడు కూడా, నవ్వాడు. "కేశవులూ, చేతికొచ్చిన సరుకు ఎవడన్నా వెనక్కిస్తాడా? మతి గాని పోయిందా?"

"సరుకు తాలు కాయని తేలింది రాఘవులూ. తాలు కాయ దాచుకుంటే మంచి కాయకీ మచ్చ పడుతుంది."

అన్నానుగాని లోపల ఏ ధైర్యమూ లేదు. మందాకిని నాతో మాట్లాడ్డం తగ్గించింది. మాట్లాడినా డాక్టరు చీటీలా మాట్లాడేది. "వాళ్ల బదులు ఎవరూ మాట్లాడకూడదు. అడిగి ఊరుకోవాలి. ఎంతసేపైనా సరే. మాట మళ్లీ గొంతులో నిండాలి."

బళ్లో చిన్నపిల్లలకి ముందు మాట తిరిగింది. ఆరో తరగతివాడొకడు పెన్సిలు పోయిందని గుక్కపట్టి ఏడిస్తే, తిట్టాల్సిన టీచరమ్మ వాణ్ణి ఎత్తుకుందట. కబడ్డీలో సన్నగా, బొంగురుగా కూత మొదలైంది. మస్తాన్‌బీ గొంతు రాసుకుపోయినట్టు వస్తోందని కోటేశ్వరి చెప్పింది. నేను రోజూ ఇంటికొచ్చి నాగరత్నం మొహం చూసేవాణ్ణి. ఆవిడ తల అడ్డంగా ఊపేది. అన్నం అడిగితేనే పెట్టాలని ఆవిడ పంతం పట్టింది. హిమజ ఖాళీ కంచం ముందు కాసేపు కూర్చుని, లేచి, తనే వడ్డించుకుని తింది. నాగరత్నం వంటింట్లో గోడకి ఆనుకుని ఏడ్చింది. మాట లేకుండా బతికే దారులన్నీ ఆ పిల్ల ఒక్కొక్కటిగా కనిపెడుతోంది.

సమావేశం రోజు వచ్చింది. పదో కుర్చీలో దిండు తీసేశారు. కిటికీల నిండా పిల్లల మొహాలు. మస్తాన్‌బీ లోపలికొచ్చింది. ఒక చేత్తో హిమజని పట్టుకుని ఉంది. తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.

ఇస్సాకుగారు నన్నూ, ఆ పిల్లనీ మార్చి మార్చి చూశారు.

"నువ్వు కూర్చోవచ్చుగా తల్లీ, నీకు గొంతు వచ్చింది కదా" అన్నారు ఇస్సాకుగారు.

"మేం చేతులెత్తి ఎన్నుకున్నాం సార్" అంది మస్తాన్‌బీ బొంగురుగా. "హిమజనే పంపమన్నారు."

"ఎందుకని?"

"తీర్మానం వాళ్ల నాన్నది కదా సార్."

ఇస్సాకుగారు చదివారు. "పిల్లలు ఒప్పుకుంటున్నారా?"

హిమజ బల్లకేసి చూస్తోంది. గోడ అవతల టిక్కీలు దింపుతున్నారు. దబ్బున ఒకటి, కాసేపటికి ఇంకొకటి.

"పాపం పిల్ల. వద్దనే కదమ్మా మీ..." అంది కోటేశ్వరి.

"ఆగమ్మా" అన్నాను. "ఆమె చెప్పాలి."

"మళ్లీ అదే మౌనం కదా, రాసేయ్ కేశవులూ" అన్నాడు రాఘవులు.

"రాయం."

ఎవరో దగ్గారు. కుర్చీలు కిర్రుమన్నాయి. హిమజ మెడ దగ్గర ఏదో కదిలింది. కదిలి కిందికి దిగింది. మింగేసిందనుకున్నాను. లేచి వెళ్లి ఆ పిల్ల కాళ్లు పట్టుకుందామనిపించింది. కూర్చున్నాను.

"అధ్యక్షుడు" అంది హిమజ.

అది నాకు తెలిసిన గొంతు కాదు. బొంగురుపోయిన గొంతు. కిటికీల్లో పిల్లలు ఊపిరి బిగబట్టారు.

"అధ్యక్షుడు దిగాలి."

కోటేశ్వరి నోటిమీద చెయ్యేసుకుంది. ఇస్సాకుగారు కాగితాలు తిరగేస్తూ "అది ఎజెండాలో లేదమ్మా..." అని గొణిగారు.

ఆ మాట వినగానే నేను దిగిపోయాను, మనసులో. ఆటస్థలం సంగతి అంతకుముందే తుడిచేసుకున్నాను. పైకి 'సరే' అనడానికి నోరు తెరిచి, ఆగాను. అడిగిన మొదటి ధరకే ఒప్పుకుంటే అవతలివాడు సంచి దులుపుకుని లేచిపోతాడు. ఇక మాట్లాడ్డానికి ఏమీ ఉండదు.

"ఎందుకు దిగాలి?" అన్నాను. అవసరమైనదానికన్నా గట్టిగానే అన్నాను.

"కొట్లు... మీవి. గోడ పక్క." ఇంట్లో నువ్వు అనే పిల్ల ఇక్కడ మీరు అంది.

"గోడ పక్క కొట్లుంటే నేరమా?"

"నేరం కాదు. ఓటు వెయ్యడం... తప్పు."

"చట్టంలో ఎక్కడుంది?"

"లేకపోతే రాయండి."

బయట ఎవడో ఈల వేశాడు. పిల్లలు గొల్లుమన్నారు. హిమజ దగ్గింది. మస్తాన్‌బీ నీళ్లిస్తే గటగటా తాగి, మూతి తుడుచుకుంది.

"పోయినసారి మీరు ఒప్పుకున్నారుగా" అన్నాను.

"ఒప్పుకోలేదు." ఈసారి తలెత్తింది. "ఊరుకున్నాం."

"రెంటికీ తేడా ఏంటి?"

"కేశవులుగారూ, పోనివ్వండి, పసిపిల్ల" అన్నారు ఇస్సాకుగారు నొచ్చుకుంటూ. రాఘవులు కూడా నాకేసి అదోలా చూశాడు. గుమ్మంలో మందాకిని ఒక్కతే పెదవి బిగబట్టి నన్ను చూస్తోంది. దాని కళ్లలో నీళ్లు నిండాయి.

హిమజ కుర్చీ ముందుకి జరుపుకుంది. చెంపలు ఎర్రబడ్డాయి. "తేడా చెబుతాను. మధ్యలో ఆపకూడదు."

"ఆపను. కాని నాకు నచ్చకపోతే మళ్లీ అడుగుతా."

"అడగండి. మళ్లీ చెబుతాను."

చేతులు రెండూ కుర్చీ కింద బిగించి పట్టుకుని, మొహం వీలైనంత మొండిగా పెట్టుకుని, "కానీ" అన్నాను.